కాగితానికి తోలు పదును

గుడికి వెళ్లేటప్పుడు చాలామంది బెల్టు, పర్సు తీసి బయట పెట్టి వెళ్తారు. పూజ పుస్తకానికి తోలు అట్ట వేయరు. లగ్నపత్రిక పెట్టి వియ్యంకులకు అందించే ఫోల్డరు తోలుదంటే పెద్దవాళ్లకు మనసొప్పదు. అయినా తోలు అందమంటే అందరికీ ఇష్టమే. చేతికి తగిలే మెత్తదనం, వాడేకొద్దీ తేలే మెరుపు, అంచుల దగ్గర ముదిరే రంగు, ఇవన్నీ కావాలి. తోలు మాత్రం వద్దు. ఈ చిక్కుకు కాగితం చక్కని జవాబు.

ఇది మనకొక్కరికే వచ్చిన ఆలోచన కాదు. జపాన్‌లో ఒకప్పుడు ఇసే పుణ్యక్షేత్రానికి వెళ్లే యాత్రికులకూ తోలు మైలే. వాళ్ల కోసం అక్కడి పనివాళ్లు చేత్తో చేసిన కాగితానికి ముడతలు తెప్పించి, నూనె పట్టించి, తోలులాంటి పొగాకు సంచులు కుట్టి అమ్మేవారు. మన ఇళ్లలోనూ కాగితాన్ని మరో వస్తువుగా మార్చే విద్య ఉండేది. పాత పేపర్లు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో రుబ్బి, ఆ గుజ్జును చేటలకూ బుట్టలకూ మెత్తేవారు. ఎండాక సందులన్నీ పూడుకుని, చేట నున్నగా గట్టిపడేది. జగ్గయ్యపేట, నందిగామ ఊళ్లలో ఇప్పటికీ ఆ గుజ్జు రుబ్బడం తెలిసిన పెద్దవాళ్లు ఉన్నారు.

2022లో ఈ ఊళ్లు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లినా మనందరి నోట ఇది కృష్ణా మెట్ట ప్రాంతమే. పత్తి, మిర్చి పనులు లేని రోజుల్లో ఇంటి పట్టున చేసుకోదగ్గ పని కోసం చూస్తున్న ఆడవాళ్లకీ, కాలేజీ పిల్లలకీ, రిటైరైన పెద్దలకీ ఈ అధ్యాయం. చెప్పదలచుకున్నది ఒక్కటే: నకలు బాగా రావాలంటే అసలును శ్రద్ధగా, గౌరవంగా చూడాలి. రంగులూ బ్రష్షులూ ఆ తర్వాతి సంగతి.

ముందు అసలును చూడండి

నందిగామ బస్టాండు దగ్గరైనా, జగ్గయ్యపేట బజార్లోనైనా చెప్పులు కుట్టే పెద్దాయన పక్కన కాసేపు కూర్చోండి. పని ఆపకుండా చూడనిస్తారా అని అడిగి కూర్చోండి. పాత చెప్పు పట్టీని ఆయన చేతిలోకి తీసుకుని వంచినప్పుడు గమనించండి. పైభాగం సాగుతుంది, లోపలివైపు సన్నని ముడతలు వలలా పడతాయి. ఆ ముడతల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు. మురికి, రంగు లోతుల్లో చేరి నల్లబడతాయి. ఎత్తుగా ఉన్న చోట్లు రాపిడికి రంగు తగ్గి మెరుస్తుంటాయి. కోసిన అంచులో నిగనిగ ఉండదు, పీచు కనపడుతుంది. మడిచి కుట్టాల్సిన చోట వెడల్పాటి కత్తితో తోలును పలచగా చెక్కుతారు. ఆరెతో పొడిచిన కన్నాలకు అటూ ఇటూ తోలు కొద్దిగా ఉబ్బుతుంది.

ఈ ఆరు సంగతులు కంటికి పట్టుబడితే సగం విద్య వచ్చినట్టే. చాలామంది తోలు అనగానే గోధుమరంగు అనుకుని కాగితం మీద ఆ రంగు పులిమేస్తారు. అది అట్టకు వేసిన రంగులాగే ఉంటుంది. తోలును తోలుగా గుర్తుపట్టించేది రంగు కాదు. వంగిన తీరు, రాసుకున్న గుర్తు, అంచులోని పీచు.

ఇంకో మాట. తోళ్లు ఊని, చెప్పులు కుట్టి, డప్పులు బిగించిన చేతులను మన ఊళ్లు తరతరాలుగా దూరం పెట్టాయి. మోటబావి తోలు తొండం దగ్గర్నుంచి కాలికింద చెప్పు వరకు ఆ చేతిపని లేకుండా మాత్రం ఒక్కరోజు గడవలేదు. ఇంట్లోకి తోలు రానివ్వకపోవడం మీ ఆచారం కావచ్చు. ఆ పని చేసినవాళ్ల మీద చిన్నచూపు మాత్రం ఈ కళకు అక్కరకు రాదు. ఎవరి నేర్పును మీరు కాగితం మీదికి తెచ్చుకుంటున్నారో వాళ్లను గురువులుగా చూడండి.

మన రాష్ట్రంలోనే తోలును చిత్రంగా మార్చిన ఊరు ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలును శుభ్రం చేసి, వెలుతురు దూరేంత పలచగా గీకి తోలుబొమ్మలు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మను దీపానికి అడ్డంగా పట్టుకుంటే తోలు మందం అన్నిచోట్లా ఒకటి కాదని తెలుస్తుంది. కాగితం అంతటా ఒకే మందంలో ఉంటుంది. ఆ ఒకేలాతనాన్ని చెదరగొట్టడమే మన పని.

ఏ కాగితం పనికొస్తుంది

న్యూస్‌పేపరు వద్దు. దాని పీచు పొట్టిది, నలిపితే చిరుగుతుంది, నాలుగు నెలల్లో పచ్చబడుతుంది. నున్నగా మెరిసే ఆర్ట్ పేపరూ వద్దు. దాని పైపూత నీళ్లు తగిలితే పెచ్చులుగా లేస్తుంది.

తోలు కోసం కావలసింది క్రాఫ్ట్ కాగితం. జూన్‌లో పిల్లల పుస్తకాలకు అట్టలు వేసే బ్రౌన్ షీటు ఇదే జాతి. దీని పీచు పొడవు, అందుకే పట్టు ఎక్కువ. 80 నుంచి 120 జీఎస్ఎం మధ్య ఉన్నది అడిగి తీసుకోండి. ప్లాస్టిక్ పూత ఉన్న రకం కాకుండా చూసుకోండి. గోటితో గీరి, ఒక చుక్క నీళ్లు వేస్తే కాగితం పీల్చుకోవాలి. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న సంగతి తెలిసిందే. ఒకప్పుడు సిమెంటు సంచి కాగితాన్ని దులిపి పొట్లాలకూ అట్టలకూ వాడేవారు. ఇప్పుడు చాలావరకు నేసిన ప్లాస్టిక్ సంచులే వస్తున్నాయి. కాగితపు సంచి దొరికితే లోపలి పొరలే తీసుకోండి. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆరుబయట దులపండి, తడిచేత్తో ముట్టుకోకండి. సిమెంటు పొడి తడి తగిలితే చర్మాన్ని కాలుస్తుంది.

స్వేడ్, అంటే నూగు ఉండే తోలు కోసం మందపాటి కార్డు కావాలి. 220 నుంచి 250 జీఎస్ఎం, మెరుపు లేనిది, రంగు లోపలిదాకా ఉన్నది. మూల కొంచెం చింపి చూడండి. మధ్యలో తెల్లగా కనిపిస్తే రుద్దినప్పుడు ఆ తెలుపు బయటపడుతుంది.

జిగురు

ఫెవికాల్ గట్టి పట్టు ఇస్తుంది గానీ, చిక్కగా పూస్తే కాగితం బిర్రుగా అయిపోతుంది. మెత్తగా వంగాలంటే బైండింగు పనివాళ్లు వాడే మైదా జిగురే మేలు. ఒక వంతు మైదాకు ఐదు వంతుల నీళ్లు. ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ ఉండండి. తెల్లదనం పోయి గాజులా మారగానే దించేయండి. పురుగు పట్టకుండా బైండర్లు చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. అది విషం. కలిపితే వంటగిన్నె వాడకండి, పిల్లలకు అందనివ్వకండి. వారంలో అయిపోయేంత జిగురే చేసుకునేవారికి దాని అవసరం లేదు.

చింతపిక్కల జిగురు కూడా మన దగ్గరి పాతవిద్యే. విజయవాడ వెళ్లే దారిలో ఇబ్రహీంపట్నం పక్కనున్న కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. రంపపు పొట్టులో చింతపిక్కల పిండి కలిపి చేసిన మక్కుతో ఆ బొమ్మల అతుకులు పూడుస్తారు, ముక్కూ చెవీ తీరుస్తారు. మీ పెట్టె మూలల్లో సందులు వస్తే ఆ మక్కే వాడండి. ఎండాక ఉప్పు కాగితంతో రుద్దితే అతుకు ఎక్కడుందో తెలియదు.

తోలు: నలపడం నుంచి మెరుగు దాకా

1. కావలసిన కొలతకంటే నాలుగువైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉంచి కత్తిరించండి. నలిగాక కాగితం కుదించుకుపోతుంది.

2. స్ప్రే సీసాతో రెండువైపులా తేలికగా తడపండి. నీళ్లు కారకూడదు. నీటికి పీచుల మధ్య పట్టు సడలుతుంది, అప్పుడే నలపడానికి లొంగుతుంది.

3. ఉండగా నలిపి, నెమ్మదిగా విప్పి, మళ్లీ వేరే వైపు నుంచి నలపండి. మొదట్లో కాగితం పెళపెళమంటుంది. చప్పుడు తగ్గేకొద్దీ మెత్తబడుతుంది. చేతిలో గుడ్డలా వాలేదాకా ఆపకండి. మధ్యలో పొడిబారితే మళ్లీ కాస్త తడి ఇవ్వండి. తొందరపడి లాగితే చిరిగేది ఇక్కడే.

4. నలిగిన చోట కాగితం పైపట్టు విరిగి ఉంటుంది, రంగును ఎక్కువ పీలుస్తుంది. చిక్కటి గోధుమరంగు నీళ్లను గుడ్డతో అద్దండి. వెంటనే పొడిగుడ్డతో పైపైన తుడిచేయండి. ముడతల్లో ముదురు నిలుస్తుంది, మిట్టలు తేలికగా ఉంటాయి. చెప్పు పట్టీ మీద మీరు చూసింది ఇదే.

5. సగం ఆరాక బోర్లించి, పైన నూలుగుడ్డ వేసి తక్కువ వేడితో ఇస్త్రీ చేయండి. ముడతలు పూర్తిగా అణిగిపోకూడదు. చేత్తో తడిమితే తెలియాలి.

6. వెనకవైపు మైదా జిగురు రాసి పలచని పాత నూలుగుడ్డ అతికించండి. మెత్తగా ఉతికిన పంచె ముక్కైతే మరీ మంచిది. కాగితానికి కుట్టు తట్టుకునే బలం ఈ గుడ్డే ఇస్తుంది. అదే లేకపోతే సూది కన్నాల వరసన కాగితం చిరుగుతుంది.

7. కుట్టు గీత కావాలంటే దర్జీలు వాడే పళ్లచక్రాన్ని స్కేలు వెంట నడపండి. ఆ చుక్కల్లో మైనం పట్టించిన దారంతో కుట్టండి. కుట్టకపోయినా, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో ఒక్కో చుక్క పక్కన నొక్కితే కన్నం అంచు ఉబ్బినట్టు కనిపిస్తుంది.

8. అట్ట మీద అతికించడం, మడవడం, కుట్టడం అన్నీ అయ్యాకే మెరుగు. పాలిష్‌లో మైనం ఉంటుంది. అది తగిలిన చోట ఏ జిగురూ పట్టదు. గోధుమరంగు బూటు పాలిష్ కొద్దిగా గుడ్డకు తీసుకుని, గుండ్రంగా రుద్ది, ఒక పూట వదిలేసి, పొడిగుడ్డతో మెరుగు పెట్టండి. చీరలకు, చొక్కాలకు తగిలే వస్తువైతే పాలిష్ మానేసి, నీళ్లలో కలిసే రకం వార్నిష్‌ను పలచన చేసి రెండు చేతులు వేయండి. రంగు బట్టలకు అంటదు.

పెట్టెలు, ఫొటో ఫ్రేములు వంటి వంగనవసరం లేని వాటికి ఇంకో దగ్గర దారి ఉంది. గట్టి అట్ట మీద నీళ్లు కలిపిన ఫెవికాల్ రాసి, టిష్యూ కాగితాన్ని ముడతలు పడేలా పరవాలి. ఆరాక ముదురు రంగు వేసి, దాదాపు పొడిగా ఉన్న బ్రష్షుతో లేత రంగు మిట్టల మీద మాత్రమే తగిలించాలి. చూపుకు బాగుంటుంది, మడిస్తే మాత్రం పగులుతుంది.

స్వేడ్: నూగు లేపడం

అసలు స్వేడ్ తోలు లోపలివైపు. పైచర్మపు నునుపు అందులో ఉండదు, నూగు ఉంటుంది. వేలితో ఒకవైపు రాస్తే ముదురుగా, ఎదురు రాస్తే లేతగా కనపడుతుంది. మీ కాగితం కూడా ఈ పరీక్షకు నిలవాలి.

కార్డును తేలికగా తడిపి రెండు నిమిషాలు ఆగండి. నాలుగైదు సార్లు మెల్లగా నలిపి చదును చేయండి. అది ఇంకా చెమ్మగా ఉండగానే బొటనవేలితో చిన్నచిన్న సున్నాలుగా రుద్దుతూ పోండి. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. కాసేపటికి పైపొర సడలి, సన్నని పీచు వేలికింద లేస్తుంది. పీచు ఉండలు కడితే మీరు గట్టిగా రుద్దుతున్నట్టు లెక్క. చేయి తేలిక చేయండి. నీడన పూర్తిగా ఆరనిచ్చి, 220 నంబరు ఉప్పు కాగితంతో బరువు వేయకుండా రాయండి. చివరికి పాత టూత్‌బ్రష్షుతో అంతా ఒకే దిక్కుకు దువ్వండి.

స్వేడ్‌కు తడి రంగు పనికిరాదు, నూగు అణిగిపోతుంది. పొడి రంగును దూదితో అద్ది, మిగిలింది దులిపేయండి. గడపలకూ గోడలకూ పూసే జాజు మెత్తగా జల్లించి వాడితే ఇటుకరంగు స్వేడ్ వస్తుంది. వార్నిష్, పాలిష్ దీని జోలికి రానివ్వకండి. తోలుకు మెరుపు ప్రాణం, స్వేడ్‌కు అదే శత్రువు. పైన ఏ పూతా ఉండదు కాబట్టి స్వేడ్‌ను ఎక్కువగా చేయి తగలని చోట వాడాలి: పెట్టె లోపలి అస్తరు, ఫొటో ఆల్బమ్ మధ్య ఫలకం, ఆహ్వానపత్రిక మీద చిన్న ముక్క.

రంగు మన పచారీ కొట్లోనే ఉంది

తాంబూలంలో వేసే కాచును వేడినీళ్లలో కరిగిస్తే ఎర్రని గోధుమరంగు. చిక్కటి టీ డికాషన్‌తో ఎండుగడ్డి రంగు. కరక్కాయ కషాయంతో లేత పసుపు. మన పెద్దలు తోళ్లు ఊనడానికి తంగేడు చెక్క, కరక్కాయ వాడేవారు. వాటిలోని వగరే పచ్చి తోలును కుళ్లకుండా నిలబెట్టేది. మచిలీపట్నం, పెడన కలంకారీలోనూ బట్టను ముందు కరక్కాయలో తడుపుతారు. తర్వాత బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము ఊరబెట్టి చేసిన కసింతో అచ్చు వేస్తే అది నల్లబడుతుంది. కరక్కాయ పట్టించిన కాగితం మీద ఆ ఇనుప నీళ్లు చుక్క వేసి చూడండి, నల్లతోలు రంగు కళ్లముందే తేలుతుంది. ఒక జాగ్రత్త: ఇనుప నలుపు ఏళ్ల తరబడి ఉంటే కాగితాన్ని తినేస్తుంది. పదికాలాలు దాచుకోవలసిన వాటికి కాచు, డికాషన్‌లతోనే ఆగండి.

మన ఎండ, మన వాన

ఎండాకాలంలో వాతావరణ శాఖ చెప్పే ఎక్కువ ఉష్ణోగ్రతల జాబితాలో నందిగామ పేరు తరచూ వినపడుతుంది. ఆ ఎండలో జిగురు ఒకవైపు ముందే ఆరి అట్ట విల్లులా వంగుతుంది. దీనికి రెండు ఉపాయాలు. అట్టకు పైన ఎంత కాగితం అతికిస్తే లోపలివైపు కూడా అంతే మందం కాగితం అతికించండి. రెండు లాగుళ్లూ సరిపోతాయి. రెండోది, నీడన, బరువు కింద రాత్రంతా ఉంచండి. అతికించే ముందు కాగితం మూలలు రెండు దిక్కుల్లోనూ చింపి చూడండి. తిన్నగా చిరిగిన దిక్కే పీచు దిక్కు. దాన్ని అట్ట వీపు వెంట నిలువుగా ఉంచితే మడత సాఫీగా పడుతుంది.

వానాకాలంలో బూజు భయం. పూర్తిగా ఆరని వస్తువును ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి. ఎండు వేపాకు వేసి గుడ్డలో చుట్టి పెట్టండి.

నిజం చెప్పి అమ్మండి

చేయి తిరిగాక డైరీ అట్టలు, లగ్నపత్రిక ఫోల్డర్లు, పూజ పుస్తకాల కవర్లు, నగల పెట్టెలు చేసి అమ్మవచ్చు. ఒక్కో వస్తువు లోపలి అట్ట మీద ఇది కాగితమని, చేత్తో చేసిందని మీ పేరుతో రాయండి. తోలు అనుకుని కొన్నవారు వానలో తడిశాక మిమ్మల్ని తిట్టుకుంటారు. కాగితమని తెలిసి కొన్నవారు నలుగురికి చూపిస్తారు. ఆచారం ఉన్న ఇళ్లలోనైతే కాగితం కావడమే దాని విలువ.

ధర కట్టేటప్పుడు కాగితం, జిగురు ఖర్చుతో ఆగకండి. నలపడానికి, ఆరబెట్టడానికి, మెరుగుకు పట్టిన గంటలు రాసుకోండి. ఇంట్లో ఆడవాళ్లు చేసే పనికి కూలి కట్టకపోవడం మనకు అలవాటైపోయింది. మీ శ్రమకు ముందు మీరు విలువ కట్టకపోతే కొనేవారు కట్టరు.

ఈ వారం అభ్యాసం

మొదటి రెండు రోజులు ఏమీ చేయకండి, చూడండి. ఇంట్లో పాత బెల్టు, చెప్పు, పర్సు ఏది దొరికితే అది వెలుతురులో పెట్టి, కనిపించిన ఆరు సంగతులు నోటుబుక్కులో రాయండి.

మూడో రోజు ఒక్క బ్రౌన్ షీటు నలపండి. రంగు వేయకండి. గుడ్డలా వాలేదాకా నలపడమే ఆ రోజు పని.

నాలుగో రోజు ఆ షీటునే నాలుగు ముక్కలు చేసి, నాలుగు రంగులు పట్టించి, ఏది ముడతల్లో ఎలా నిలిచిందో పక్కపక్కన పెట్టి చూడండి.

ఐదో రోజు బాగా వచ్చిన ముక్కకు గుడ్డ అతికించి, ఆరో రోజు చిన్న డైరీ అట్ట కుట్టండి.

ఏడో రోజు దాన్ని తీసుకుని, మీరు మొదట్లో పక్కన కూర్చున్న ఆ చెప్పులు కుట్టే పెద్దాయనకు చూపించండి. ఇది కాగితమని చెప్పి, తోలుకు ఇది ఎక్కడ దూరంగా ఉందో అడగండి. అంచు అంటారో, కుట్టు అంటారో, మెరుపు అతిగా ఉందంటారో, ఆయన చెప్పింది రాసుకోండి. రెండో కాగితం పని అక్కడి నుంచి మొదలుపెట్టండి.